పాలమరక పడని జాకెట్లు

ఆర్మూర్,
ఫిబ్రవరి 6, 2025.

చెల్లె దీక్షితకు,

నువ్వు ఈ ఇంటికి చిన్నకోడలిగా వచ్చి మూడేళ్ళయింది. ఒకే వంటింట్లో తిరిగే యారాండ్లం, తోడికోడళ్ళం కాబట్టి మనకు ఉత్తరాల అవసరం ఎన్నడూ పడలేదు. ఇప్పుడు ఆ పసిపిల్లల వార్డులోకి ఫోను తేనివ్వరట. నువ్వు బయటికి వచ్చి మాట్లాడే కాసేపు నీ మొగుడు మనీష్‌తో మాట్లాడుకోవాలి గానీ నాతో కాదు. అందుకే బట్టల సంచిలో ఈ కాగితం పెడుతున్నాను. మనీష్ పసుపు బస్తాలు ట్రాలీ ఆటోలో వేసుకుని నిజామాబాద్ మార్కెట్ యార్డుకు ఎలాగూ వస్తున్నాడు. వచ్చిన ప్రతిసారీ సంచి ఇచ్చి, మాసిన బట్టలు తీసుకొస్తాడు.

చుట్టాల పెళ్ళికని కట్టుకున్న పట్టుచీరతో, వెనక హుక్కుల జాకెట్‌తోనే నిన్ను దవాఖానకు తీసుకుపోయారు. నీ బీరువా తెరిచి చూస్తే అన్నీ వెనక హుక్కులవే. ఎవరిననుకోను? అన్నీ నేను కుట్టినవే. "ముందర తెరుసుకునేటియి, వదులుగ ఉండేటియి తెమ్మను, కాటన్‌యే ఉండాలె" అని నర్సు చెప్పిందని మనీష్ అన్నాడు. సరేనని బజారుకు వెళ్ళాను. పాలిచ్చే తల్లుల నైటీలని చూపించారు. పట్టుకుంటే సర్రున జారే గుడ్డ, రెండు పక్కలా జిప్పులు. ఆ జిప్పు పళ్ళ మీద నా చెంప ఆనించి చూశాను. షాపు పిల్ల నవ్వింది. నవ్వితే నవ్వనీ. నాకే గీరుకుంటే ఏడో నెలలో పుట్టిన బిడ్డ తోలుకు ఏం కావాలి?

అందుకే మూడు జాకెట్లు కుట్టాను. మామయ్య పాత ధోతులు, బాగా ఉతికి మెత్తబడ్డ గుడ్డ. ముందు నిలువునా టిచ్ బటన్లు పెట్టాను, ఒక్క చేత్తో తీసుకోవచ్చు. పిన్నీసు మాత్రం పెట్టుకోకు, బిడ్డకు వైర్లు ఉంటాయి కదా. ఛాతీ దగ్గర రెండించులు ఎక్కువే వదిలాను. పాలు పడ్డాక ఒళ్ళు పొద్దున ఒక తీరు, సాయంత్రం ఒక తీరు ఉంటుంది. పసుపు దుమ్ము అంటకుండా రెండు కవర్లలో కట్టాను.

నాకూ రావాలనే ఉంది. పెళ్ళిళ్ళ కుట్టుపని మీద పడింది. వీలు చూసుకుని వస్తాను. బిడ్డ సంగతులు రాయి.

నీ అక్క,
గంగామణి

*

నిజామాబాద్,
ఫిబ్రవరి 9.

గంగామణి అక్కకు,

జాకెట్లు అందాయి. మస్తుగా ఉన్నాయి. సరిగ్గా సరిపోయాయి. వార్డులో అందరూ ఎక్కడ కుట్టించావని అడిగారు.

పాప బాగానే ఉంది. అద్దాల పెట్టెలో ఉంటుంది. ముక్కులో సన్నటి గొట్టం. నేను పాలు పిండి ఇస్తే గొట్టంలోంచి పోస్తున్నారు, కొద్దికొద్దిగా ఉగ్గుగిన్నెతో కూడా మొదలుపెడతామన్నారు. రోజూ బిడ్డను తల్లి ఒంటికి ఆనించి పెట్టుకోవాలట. దాన్ని కంగారూ కేర్ అంటారట. కంగారుకు నా దగ్గర కొదవేముంది అక్కా, ఎటు చూసినా కంగారే.

నా గురించి ఫికర్ చేయొద్దు. అమ్మ బయట వరండాలో ఉంటోంది. నువ్వు కుట్టినవే వేసుకుంటున్నాను. ఒక్క మాట. తెల్లవి కాకుండా ముదురు రంగువి, కొంచెం మందం గుడ్డతో కుట్టగలవా? మెడ ఇంకాస్త పైకి. చేతులు మోచేతుల దాకా. లోపలిది బయటికి కనిపించకుండా ఉంటే చాలు. ఇక్కడ ఊరికే ఎవరో ఒకరు వస్తూపోతూ ఉంటారు.

మాసినవి మూటకట్టి మనీష్‌కు ఇచ్చాను. నువ్వు ఎప్పుడు వస్తావు? అందరూ వచ్చి అద్దంలోంచి చూసి వెళ్ళారు, నువ్వొక్కదానివే రాలేదు.

దీక్షిత

*

ఆర్మూర్,
ఫిబ్రవరి 13.

దీక్షితకు,

నువ్వడిగినట్టే ముదురు ఆకుపచ్చవి రెండు కుట్టాను. మందం గుడ్డ వేయలేదు, ఆ వార్డు వేడిగా ఉంటుందని మనీష్ చెప్పాడు. దాని బదులు రెండు పొరలు పెట్టాను. పై పొర పైట లాగా మీద పడి ఉంటుంది. లోపలి పొరకు రెండు పక్కలా సందు ఉంది. పై పొర కొంచెం ఎత్తి బిడ్డను లోపలికి తీసుకుంటే, బిడ్డ తలే దానికి అడ్డం. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు కూడా ఏమీ కనిపించదు. అద్దం ముందు నిలబడి నేనే వేసుకుని చూశాను.

ఇక ఇంకో సంగతి. నువ్వు పంపిన మూట విప్పాను. నేను కుట్టిన మూడూ నలిగే ఉన్నాయి. కానీ కొత్త టిచ్ బటన్లు నాలుగైదుసార్లు తీసిపెడితే గానీ వదులు కావు. తీయబోతే నా గోరు విరిగింది. నానబెడితే నీళ్ళు తేటగానే ఉన్నాయి. నువ్వు వాటిని చేత్తో నలిపి మూట కట్టావు కదా?

వాటి అడుగున నువ్వు పెళ్ళికి పోతూ వేసుకున్న ఊదారంగు వెనక హుక్కుల జాకెట్ దొరికింది. ముందు భాగమంతా పాలు ఎండి అట్టకట్టింది. లోపల చేతిరుమాళ్ళు మడతపెట్టి టాకాలు వేసి కుట్టుకున్నావు. అంత బిగుతు జాకెట్‌లో అవి కుక్కుకుని రోజంతా ఎట్లా ఉంటున్నావు? అది వేసుకుని ఉన్నావంటే బిడ్డను ఒక్కసారి కూడా ఒంటికి ఆనించుకోలేదన్నమాట.

తిట్టడానికి రాయడం లేదు, దాన్ని కూడా ఉతికి సంచిలోనే పెట్టాను. అత్తమ్మకు గానీ మనీష్‌కు గానీ చెప్పలేదు. ఏమైందో నాకు రాయి.

గంగామణి

*

నిజామాబాద్,
ఫిబ్రవరి 14.

అక్కకు,

నా మాసిన బట్టలు వెతికి నన్ను పట్టుకోవాలా? ఇక నుంచి నా బట్టలు అమ్మే ఉతుకుతుంది, నీకు పంపను.

అవును, వేసుకోలేదు. ఇక్కడికి వచ్చి కూర్చుంటే తెలుస్తుంది. వరుసగా కుర్చీలు. తుడిచే ఆయన వస్తాడు, మందులు తెచ్చే ఆయన వస్తాడు, పక్క బిడ్డ తండ్రి వస్తాడు. వాళ్ళెవరూ నా వైపు చూడరని నర్సు చెబుతుంది. చూడకపోవచ్చు. కానీ పాలు వాటంతటవే కారుతాయి. ఏదో ఒక బిడ్డ ఏడిస్తే చాలు, నా జాకెట్ తడిసిపోతుంది. తెల్లగుడ్డలో అది ఎంత దూరానికి కనిపిస్తుందో నీకేం తెలుసు? బిగుతుగా కట్టుకుంటే తక్కువ కారుతుంది. అందుకే కట్టుకున్నాను.

అదొక్కటే కాదు. నా పక్క కుర్చీలో రాధాబాయి అని మెండోర ఊరి ఆమె ఉండేది. వాళ్ళాయన చేపలు పడతాడు. ఆమెకు సిగ్గు లేదు, భయం లేదు. రోజూ గుండీలు తీసి బిడ్డను ఛాతీ మీద వేసుకుని పాటలు పాడేది. "ఏమైతది, నువ్వు గూడ ఏస్కో చెల్లె" అని నన్ను పోరేది. సోమవారం పొద్దున ఆమె బిడ్డ రంగు మారింది. నర్సులు తీసుకుని లోపలికి ఉరికారు. మళ్ళీ తీసుకురాలేదు. బిడ్డకు ముందు నుంచే ఇన్‌ఫెక్షన్ ఉందని, ఒంటి మీద వేసుకోవడం వల్ల కాదని డాక్టరమ్మ అందరికీ చెప్పింది. నాకు అర్థమైంది. అర్థమైతే మాత్రం? రాధాబాయి గుండీలు పెట్టుకోకుండా అట్లాగే కూర్చుండిపోయింది. నేనే ఒక్కొక్కటి పెట్టాను.

నా పాప అరచేయంత ఉంది. నా మీద ఉన్నప్పుడు ఊపిరి ఆగితే? పెట్టెలో ఉంటే కనీసం మిషను మోగుతుంది.

నువ్వు మాత్రం ఆర్మూర్‌లో కూర్చుని సందులు, పొరలు అని రాస్తావు. బట్టలు పంపడం తేలిక అక్కా. ఒక్కసారి వచ్చి చూశావా?

దీక్షిత

*

ఆర్మూర్,
ఫిబ్రవరి 16.

దీక్షితా,

నిజమే, రాలేదు. కుట్టుపని ఉందన్నది సాకు.

నువ్వు ఈ ఇంటికి రాకముందు నాకొక బాబు పుట్టాడు. ఏడో నెలే. ఈ సంగతి నీకు ఎవరో చెప్పే ఉంటారు, ఇంట్లో మాత్రం మాట్లాడరు. వాణ్ణి కూడా అద్దాల పెట్టెలోనే పెట్టారు. అప్పుడు నన్నెవరూ ఒంటికి ఆనించుకోమనలేదు. మూడో రోజు గుడ్డలో చుట్టి చేతికిచ్చారు, అదే మొదటిసారి ముట్టుకోవడం. ఇంటికి వచ్చాక పాలు పడ్డాయి. తాగేవాడు లేడు. అత్తమ్మ చీర చింపి గట్టిగా కట్టింది, ఆమెకు తెలిసిన వైద్యం అదే. పాలు తడిసిన జాకెట్ ఎంత దూరానికి కనిపిస్తుందో నాకేం తెలుసని అడిగావు. తెలుసు చెల్లె. వాకిలి ఊడవడానికి కూడా బయటికి వెళ్ళలేదు.

నీకు నొప్పులు వచ్చాయని తెలిసిన రోజు నేను చెప్పులేసుకుని ఆటో ఎక్కబోతున్నాను. ఎదురింటి లక్ష్మీనర్సమ్మ గుమ్మంలోంచి పిలిచింది. "గంగామణీ, నువ్వు పోకు బిడ్డా. నీ కడుపు సంగతి తెలుసు గదా, పసిగుడ్డు మీద నీ నీడ పడొద్దు" అంది. చెడ్డగా అనలేదు, మెల్లగా బుజ్జగించినట్టే అంది. నేను చెప్పులు విప్పాను. ఆమె మీద కోపం కూడా రాలేదు, ఎందుకంటే నేను కూడా లోపల అదే అనుకుంటున్నాను. అప్పటి నుంచి నా చేతులతో కుట్టిన గుడ్డ మాత్రమే పంపుతున్నాను. అది కూడా రెండుసార్లు ఉతికి పంపుతున్నాను, దుమ్ముకే కాదు.

బిడ్డను ఎత్తుకోమని నిన్ను బలవంతం పెట్టను. ఆ ఊదారంగు జాకెట్ మాత్రం వేసుకోకు. ఆ కట్టు ఏం చేస్తుందో నాకు తెలుసు. చీముపట్టి జ్వరం వచ్చింది నాకు. ఆకుపచ్చది వేసుకో, లోపల మెత్తటి గుడ్డ పెట్టుకుని తడిసినప్పుడల్లా మార్చుకో. గుడ్డలు కత్తిరించి పంపుతున్నాను.

గంగామణి

*

నిజామాబాద్,
ఫిబ్రవరి 18.

అక్కా,

నీ ఉత్తరం అందేసరికే ఆలస్యమైంది. ఎడమవైపు రాయిలా గట్టిపడింది. ఎర్రగా, ముట్టుకుంటే ప్రాణం పోతోంది. నిన్నటి నుంచి చలిజ్వరం. నన్ను పైఅంతస్తు వార్డుకు మార్చి సూదిమందు ఇస్తున్నారు. పాలు ఆపొద్దు, పిండుతూనే ఉండాలంటున్నారు. అక్షరాలు సరిగా రావడం లేదు.

కింద పాప దగ్గర ఎవరూ లేరు. మనీష్‌కు పసుపు దుమ్ముతో దగ్గు పట్టింది, వార్డులోకి రానివ్వరు. అమ్మ నన్ను లేపి కూర్చోబెట్టడానికే సరిపోతోంది. పాప బరువు పెరగడం లేదట. పొద్దున డాక్టరమ్మ వచ్చి, "తల్లే కానక్కర్లేదు, ఇంట్లో ఆరోగ్యంగ ఉన్న మనిషి ఎవరన్న బిడ్డను ఒంటికి పెట్టుకోవచ్చు. ఎవరున్నరు మీకు?" అని అడిగింది.

నేను నీ పేరు చెప్పాను. డాక్టరమ్మ రాసుకుంది.

నీడ సంగతి నాకు తెలియదు అక్కా. నాకు భయంగా ఉంది. నువ్వు రా.

దీక్షిత

*

నిజామాబాద్, కింది అంతస్తు,
ఫిబ్రవరి 20.

దీక్షితకు,

నీకూ నాకూ మధ్య ఇప్పుడు ఒక మెట్ల వరుసే ఉంది. అయినా కాగితమే రాయాల్సి వస్తోంది. నేను బిడ్డను వదిలి పైకి రాలేను, నువ్వు జ్వరంతో కిందికి రాకూడదు. మీ అమ్మ పాలగిన్నె తెచ్చినప్పుడు ఇది ఇస్తాను.

మనీష్ నీ ఉత్తరం తెచ్చినప్పుడు చదివి కుట్టుమిషను ముందే కూర్చున్నాను. అత్తమ్మ ఏమైందని అడిగితే చదివి వినిపించాను, లక్ష్మీనర్సమ్మ మాటతో సహా చెప్పేశాను. అత్తమ్మ చాటలో పసుపు కొమ్ములు ఏరుతోంది. చాట పక్కన పెట్టింది.

"గామె అన్నదని నువ్వు ఆగినవా? నాకెందుకు చెప్పలే?"

"నాకు కూడ గట్లనే అనిపిచ్చింది అత్తమ్మా."

"నీడ లేదు గీడ లేదు. పిల్ల ఆడ ఒక్కతే ఉన్నది. లే, చీర మార్చుకో" అంది. నేను కదలలేదు. అప్పుడు ఆమే లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "గప్పుడు గా పిల్లగాన్ని నీ చేతికియ్యమని నేను అడగకపోతిని. గిప్పుడు వాళ్ళే పిలుస్తున్నరు. పో బిడ్డా" అంది. అత్తమ్మ కళ్ళల్లో నీళ్ళు నేను ఎన్నడూ చూడలేదు. ఆటో దాకా తనే వచ్చి ఎక్కించింది.

ఇక్కడ నర్సు అడిగింది, "బిడ్డకు మీరేమైతరు?"

"పెద్దమ్మను."

"గాజులు తీసి, మోచేతుల దాక చేతులు కడుక్కోండి. ముందర తెరిచేది ఏసుకొచ్చిన్రా?"

నీకు మొదట కుట్టినలాంటిదే ఇంకొకటి నా కొలతకు కుట్టుకుని వేసుకొచ్చాను. బటన్లు తీసి కూర్చున్నాను. నర్సు తన చేతులతో నా చేతులు పట్టుకుంది. తర్వాత బిడ్డను నా మీద పెట్టింది. మొదట బరువే తెలియలేదు. కాసేపటికి వేడి తెలిసింది. దాని ఊపిరి నా ఎముకల మీద తగులుతోంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య అది కాసేపు ఆగుతుంది చెల్లె. ఆ ఆగినప్పుడల్లా నేను కూడా ఆగిపోయాను. "గట్లనే ఉంటది, పసిపిల్లలు గట్లనే తీస్తరు, మీరు మాత్రం ఊపిరి తీసుకోండి" అని నర్సు నవ్వింది. మిషను వైరు బిడ్డ కాలికి ఉండనే ఉంది. ఒంటి మీద ఉన్నా అది మోగుతుంది. నువ్వు ఈ మాట రాసుకుని దిండు కింద పెట్టుకో.

ఒకటి తెలిసింది. నా కుట్టులోనే తప్పుంది. బటన్ల వరుస సరిగ్గా మధ్యలో పెట్టాను. బిడ్డను పడుకోబెడితే అవి చెంపకు ఒత్తుకుని, లేపేసరికి ఒక గుండ్రటి గుర్తు పడింది. ఎన్నిసార్లు అద్దం ముందు నిలబడితే మాత్రం ఏం తెలుస్తుంది, ఒంటి మీద బిడ్డ లేనిదే? పక్కటెముకల వైపుకు జరిపి మళ్ళీ కుడతాను.

నువ్వు పంపిన పాలు ఉగ్గుగిన్నెతో పోశారు. చుక్క కింద పడలేదు. పిండుతూ ఉండు. వదులుగా వేసుకో.

గంగామణి

*

నిజామాబాద్, పైఅంతస్తు,
ఫిబ్రవరి 22.

అక్కా,

జ్వరం తగ్గింది. ఎడమవైపు మెత్తబడింది. రేపు కిందికి పంపుతామన్నారు. పాప బరువు కొంచెం పెరిగిందని అమ్మ చెప్పింది. నమ్మకం కుదరక నర్సును కూడా అడిగాను.

అమ్మ ఇంకొకటి చెప్పింది. పాప ఏడుస్తుంటే నీ గొంతు వినగానే ఊరుకుంటుందట. సంతోషమే అక్కా. కానీ పొద్దుటి నుంచి ఒకటే ఆలోచన. నన్ను అది గుర్తుపడుతుందా? పుట్టినప్పటి నుంచి నేను దాన్ని అద్దంలోంచే చూశాను. నా వాసన దానికి తెలియదు. నా దగ్గరికి వచ్చి ఏడిస్తే, నీ కోసం వెతుక్కుంటే?

ఆకుపచ్చది వేసుకున్నాను. ఈ మాట అబద్ధం కాదు. కుడివైపు తడిసి కూడా ఉంది. మందులు తెచ్చే ఆయన వచ్చాడు, వెళ్ళాడు. పై పొర సర్దుకుని అట్లాగే కూర్చున్నాను.

రేపు నేను వచ్చాక నువ్వు వెళ్ళిపోకు. పక్కనే ఉండు.

దీక్షిత

*

ఆర్మూర్,
మే 7.

దీక్షితకు,

నువ్వు నందిపేట్ తల్లిగారింటికి వెళ్ళినప్పటి నుంచి ఇంట్లో ఏమీ తోచడం లేదు. ఇప్పుడు ఫోను ఉంది, చేయవచ్చు. కానీ ఫోనులో నువ్వు "బాగనే ఉన్నది అక్కా" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే నిజం రాస్తావని రాస్తున్నాను.

బిడ్డ పూర్తిగా నీ దగ్గరే తాగుతోందా, ఇంకా గిన్నెతో పడుతున్నావా? ఎండలు ముదిరాయి, నీళ్ళు బాగా తాగు. అక్కడ మీ వాళ్ళు చీరే కట్టమంటే కట్టుకో గానీ, పైట కింద నేను కుట్టిన పక్క బటన్లదే వేసుకో. మెడలో గొలుసులు తీసేయి, బిడ్డ లాగుతుంది. ఇంకా రెండు కుర్తాలు పంపుతున్నాను, పల్చటి నూలు, పక్కన సందు ఉంది. బయటికి వెళ్ళినప్పుడు పనికొస్తాయి.

షేర్ ఆటోలో బిడ్డను వేసుకుని ఒక్కదానివే వెళ్ళావని మనీష్ అన్నాడు. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. దారిలో ఎట్లా జరిగింది? అది ఏడవలేదా?

గంగామణి

*

నందిపేట్,
మే 11.

అక్కా,

నిజమే రాస్తున్నాను. పాప నా దగ్గరే తాగుతోంది. గిన్నె మానేసి పదిరోజులు దాటింది. అయినా నాకు భయం పోలేదు. నిద్రలో దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను. నేను కిందికి వచ్చిన రోజు నీ ఒంటి మీద నుంచి తీసి నా మీద పెట్టినప్పుడు అది నోరంతా తెరిచి ఏడ్చింది గుర్తుందా? అప్పుడు నువ్వు నా జాకెట్ పై పొర ఎత్తి, దాని తల నీ అరచేత్తో పట్టి, "తొందర లేదు, దానికి దారి తెలుస్తది" అన్నావు. అది వెతుక్కుని వెతుక్కుని పట్టుకుంది. ఇప్పటికీ తాగడం మొదలుపెట్టే ముందు ఒక క్షణం అట్లాగే వెతుక్కుంటుంది, ఆ క్షణం నాకు గుండె ఆగుతుంది.

ఆటో సంగతి అడిగావు. ఆర్మూర్ స్టాండులో ఎక్కేటప్పుడు పడుకునే ఉంది. ఆటో నిండా జనం. నా ఎదురుగా ఇద్దరు మగవాళ్ళు, మోకాళ్ళు తగులుతున్నాయి. డ్రైవరు పక్కన ఇంకొకరు. నా పక్కన ఒక ముసలవ్వ కూరగాయల సంచితో కూర్చుంది. సగం దారిలో పాప లేచింది. లేచీ లేవగానే గొంతెత్తింది. దిగిపోదామా అనుకున్నాను. దిగితే నడిరోడ్డు, ఎండ. ఎదుటి ఆయన, "ఆకలైతున్నట్టుంది పిల్లకు" అన్నాడు. నా చెవుల దాకా వేడెక్కింది.

ఆకుపచ్చ జాకెట్ పై పొర ఎత్తాను. సందులోంచి పాపను లోపలికి తీసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను, ఎవరి ముఖమూ చూడకుండా. అది వెతుక్కుంది, పట్టుకుంది. ఏడుపు ఆగింది. కళ్ళు తెరిచి చూస్తే ఎదుటి ఆయన ఫోను చూసుకుంటున్నాడు. ఇంకొకాయన మక్కజొన్న చేను వైపు చూస్తున్నాడు.

కాసేపటికి పక్కనున్న ముసలవ్వ నా మీదికి వంగింది. చూసింది గానీ ఆమెకేమీ కనిపించలేదు.

"బిడ్డ పండుకున్నదా?" అని గట్టిగా అడిగింది.

ఆటోలో అందరూ వింటున్నారు.

"లేదవ్వా," అన్నాను. "పాలు తాగుతున్నది."

దీక్షిత